కెమెరా బీరువాలో, పరీక్ష కాగితం మీద

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ రెండో ఏడు చదువుతున్నాను. మరో నెలలో కోర్సు అయిపోతుంది. మల్టీమీడియా పేరుతో ఈ రెండేళ్లలో మేం నిజంగా నేర్చుకున్నదేమిటని మొన్న మా తరగతి వాళ్లం పదకొండు మందిమి కూర్చుని మాట్లాడుకున్నాం. అందులో తేలిన విషయాలు ఉన్నత విద్యామండలి పెద్దల కంట పడాలని మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాకు వీడియో ప్రొడక్షన్ ఒక పేపరు. వంద మార్కుల్లో డెబ్బై ఐదు రాతపరీక్షకే. ‘షాట్ల రకాలను వివరించండి’ అని అడిగితే నాలుగు పేజీలు రాశాను, మంచి మార్కులే వచ్చాయి. అప్పటికి నేను కెమెరా పట్టుకున్నది రెండుసార్లు. విభాగం మొత్తానికి ఒకటే కెమెరా, అది బీరువాలో ఉంటుంది. తాళం ఒకరి దగ్గర, అనుమతి సంతకం ఇంకొకరి దగ్గర. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్నది వాళ్ల భయం. సగం మంది పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్న చోట ఆ భయం ఉండటం సహజమే, వాళ్లను నేను తప్పుపట్టను.

అందుకే మేం నేర్చుకున్నదంతా ఫోను మీదే, కాలేజీ బయటే. టమాటా ధర పడిపోయిన రోజుల్లో నేనూ నా స్నేహితురాలూ మదనపల్లె మార్కెట్‌కు వెళ్లాం. బాక్సుల పక్కన ఒక అవ్వ కూర్చుని ఉంది. కోత కూలి, బండి బాడుగ, మండీ కమీషను అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. చివరికి రెండు చేతులూ దులిపి, ‘మిగిలిండేది ఇంతే పాపా’ అనింది. ఇద్దరికీ గొంతు పట్టేసింది. గదికొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే వేలం పాడే వాళ్ల అరుపులు, లారీ హారన్లు, వాటి అడుగున ఎక్కడో ఆమె మాట. బొమ్మ అద్దంలా వచ్చింది, ఒక్క మాటా తెలియడం లేదు. డబ్బులు పోగేసుకుని కాలరు మైకు కొని, వారం తర్వాత మళ్లీ వెళ్లాం. అవ్వ కనబడింది. ‘ఆ పొద్దే చెప్పినా గదా పాపా, మళ్లా ఏం చెప్పేది’ అనింది. మేం బతిమాలితే రెండు ముక్కలు చెప్పింది గానీ, ఆ రోజు కడుపులోంచి వచ్చిన మాట మళ్లీ రాలేదు.

మాట్లాడించే ముందు మనిషిని కాస్త గోల లేని పక్కకు పిలవాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పది సెకన్లు పరీక్షగా వినాలి. మార్కెట్ చప్పుడు కావాలంటే దాన్ని విడిగా ఓ నిమిషం రికార్డు చేసుకోవాలి. ఇదంతా ఒక మైకుతో, ఒక గంటలో నేర్పగలిగిన పని. మాకు మాత్రం ఆ అవ్వ మాట పోగొట్టుకున్నాక తెలిసింది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ కింద నడిచే సంఘాల మహిళలు వీడియో కెమెరా పట్టి రెండు దశాబ్దాలు దాటింది. చాలామంది బడికి వెళ్లని దళిత రైతులు. తమ విత్తనాల గురించి, చేల గురించి తామే చిత్రాలు తీశారు. మాచ్నూర్‌లో 2008లో మొదలైన ‘సంఘం రేడియో’ అనే కమ్యూనిటీ రేడియోనూ మహిళలే నడిపారు. షాట్లకు వాళ్లు సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, అంటే ఊరి దొర చూపు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. ఇది తెలిశాక మా మదనపల్లె వీడియో మళ్లీ చూశాను. నేల మీద కూర్చున్న అవ్వను మేమిద్దరం నిలబడి తీశాం. నాలుగు పేజీల జవాబు రాసిన నాకు, ఆమె పక్కన కూర్చోవాలని తోచలేదు.

ఇంకా చిన్నవీ ఉన్నాయి. టైటిళ్లు వేస్తే తెలుగు ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, సరిచేయడం ఒకరికొకరం చెప్పుకున్నాం. హాస్టల్ గ్రూపులో ‘మన ఊరి వరద’ అని వచ్చిన వీడియోను అందరం నమ్మాం. దుకాణం బోర్డు మీద తలకట్లు చూసి అది తెలుగు కాదు, కన్నడమని ఒకమ్మాయి పట్టుకుంది. ఆమెకు అది ఏ క్లాసులోనూ చెప్పింది కాదు.

పెద్దలను మేం స్టూడియోలు అడగడం లేదు. ఈ పేపర్లలో సగానికి పైగా మార్కులు విద్యార్థి బయట తిరిగి చేసుకొచ్చిన పనికి ఇవ్వండి. లైబ్రరీ పుస్తకంలా కెమెరాను రిజిస్టరులో రాసి ఇచ్చే ఏర్పాటు చేయండి. పాడైతే బాగుచేయించడానికి ఏటా కొంత డబ్బు పక్కన పెడితే అధ్యాపకుల భయమూ తీరుతుంది. పత్రికల వారికీ ఒక మనవి. నెలకు ఒక్కరోజు మీ జిల్లా డెస్కు నుంచి ఒకరు వచ్చి మా పని చూసి, ఎక్కడ తప్పామో మొహం మీదే చెప్పండి.

జూనియర్లు వచ్చే నెలలో చేరతారు. మేం కొన్న మైకు వాళ్లకే ఇచ్చి వెళ్తున్నాం. బీరువా తాళం తెరిపించడం మాత్రం మా చేతుల్లో లేదు.

ఇట్లు,
జర్నలిజం పీజీ విద్యార్థిని, మదనపల్లె