కుండ అడుగున కుమ్మరి పేరు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

చైనా మట్టి టీపాట్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తితో చదివాను. అయితే ఇషింగ్ టీపాట్లను సారె మీద తిప్పి చేస్తారన్న మాట సరికాదు. మన కుమ్మరుల పనికి, ఆ పనికి ఉన్న సంబంధం సరిగ్గా అక్కడే ఉంది కనుక ఈ లేఖ రాస్తున్నాను.

జియాంగ్సు రాష్ట్రంలో తైహు సరస్సుకు దగ్గరగా ఉన్న ఇషింగ్‌లో జిషా అనే మట్టి దొరుకుతుంది. రాయిలా ఉండే ఆ ముడిమట్టిని ఎండకూ వానకూ వదిలి, పొడిచేసి, నీటితో కలిపి మాగబెడతారు. తర్వాత దానిని చెక్క సుత్తితో పలకలుగా సాగగొట్టి, ఒక పట్టీని గుండ్రంగా చుట్టి అంచులు అతికి, లోపల వేళ్లు ఆనించి బయటి నుంచి చెక్కతో తడుతూ పొట్ట తెస్తారు. సారె మీద నుంచి దింపిన కుండకు లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి అడుగు మూసే మన కుమ్మరిని చూసినవారికి ఆ చప్పుడు కొత్తది కాదు. మట్టి ఆరీ ఆరని స్థితిలో ఉండగానే సన్నని కత్తితో అక్షరాలు, వెదురు కొమ్మలు, పూలు చెక్కి, ఆ తర్వాత 1,100 డిగ్రీలకు పైబడిన వేడిలో కాలుస్తారు. పైన గాజు పూత వేయరు కాబట్టి కత్తి గీత పూడిపోకుండా పదునుగానే మిగులుతుంది. మంచి పాత్రకు మూత ఎంత బిగువుగా కూర్చుంటుందంటే, దాని మీది చిన్న రంధ్రాన్ని వేలితో మూయగానే కొమ్ము నుంచి ధార ఆగిపోతుంది.

ఇంతకన్నా నన్ను ఆలోచింపజేసింది అడుగున ఉండే ముద్ర. 1768 నుంచి 1822 వరకు జీవించిన చెన్ మాన్‌షెంగ్ పక్కనున్న లీయాంగ్‌లో మేజిస్ట్రేటు, కవి, ముద్రలు చెక్కడంలో నిపుణుడు. ఆయన రూపకల్పన చేసిన పాత్రలను యాంగ్ పెంగ్నియన్ అనే కుమ్మరి తయారుచేసేవాడు. వాటి అడుగున మాన్‌షెంగ్ ముద్ర, పిడి కింద పెంగ్నియన్ ముద్ర కనిపిస్తాయి. అధికారి ఎంత పెద్దవాడైనా, మట్టిని పిసికినవాడి పేరు చెరిగిపోలేదు.

మన ఉత్తర తెలంగాణలో పెళ్లికి ముందు కుమ్మరి ఇంటికి మేళతాళాలతో వెళ్లి ఐరేని కుండలు తెచ్చుకుంటాం. బోనానికి, దీపావళి ప్రమిదలకు, ఎండాకాలపు రంజన్లకు ఆయన గడప తొక్కక తప్పదు. ఇంత మర్యాద చేస్తాం గానీ, ఆ కుండ ఏ ఊరిది, ఎవరు చేశారు అన్నది దాని మీద ఎక్కడా ఉండదు. పెంబర్తి ఇత్తడి పనికి, వరంగల్ దరీలకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ అది ప్రాంతం పేరును కాపాడుతుంది, మనిషి పేరును కాదు. మేళాల్లో కుండను బేరమాడి తీసుకుపోయినవారికి నచ్చినా, మళ్లీ అదే చేతి పని కావాలంటే వెతికే దారి లేదు. పనిమంతుడికీ పని రానివాడికీ ఒకే ధర పలకడానికి పెద్ద కారణం ఇదేనని నా అభిప్రాయం.

హస్తకళల శాఖ అధికారులకు నా విన్నపం ఏమిటంటే, నమోదైన ప్రతి కుమ్మరికీ పేరు, ఊరు ఉన్న చిన్న ముద్రను ఉచితంగా ఇవ్వాలి. పచ్చికుండ మీద ఒత్తడానికి క్షణం చాలు, ఆములో కాలిన తర్వాత అది పోదు. పెంబర్తి పనివారు ఉన్న చోట ఇత్తడి ముద్రలు చెక్కించడం కష్టమూ కాదు. యువ కుమ్మరులకు చెక్కడం కూడా నేర్పితే, రంజన్ల మెడ మీద తంగేడు, గునుగు పూలను వారే తీర్చగలరు. ప్రభుత్వ విక్రయశాలల్లో ముద్ర ఉన్న పాత్రలనే ముందు వరుసలో పెట్టాలి. హన్మకొండలో రాబోయే హస్తకళల ప్రదర్శన నుంచే దీనిని మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, హన్మకొండ