ఇంజను జాడ ప్రయాణికులకూ తెలియాలి

సంపాదకులకు,

భీమవరం–నరసాపురం మార్గంలోని ఒక చిన్న స్టేషనులో ఇటీవల తెల్లవారుజామున రైలు కోసం నిలబడ్డాను. వెనక స్టేషను దాటేసిందని ఫోనులో చూపిస్తున్న రైలు, మరో అరగంటకు గాని చేల మీది మంచులో దీపమై కనిపించలేదు. ఈలోగా థర్మాకోల్ పెట్టెలో రొయ్యలు తెచ్చుకున్న ఒకాయన మూత తీసి, మిగిలిన ఐసును రెండుసార్లు చూసుకున్నారు.

స్టేషన్ మాస్టర్లు ఫోనులో చెప్పిన వేళలను రైళ్ల రాకపోకలను పర్యవేక్షించే కంట్రోల్ కార్యాలయంలో చార్టు మీద గీసుకునే రోజుల్లో, రెండు స్టేషన్ల నడుమ బండి ఎక్కడుందన్నది ఊహే. ఇస్రో సహకారంతో రూపొందిన ఆర్‌టీఐఎస్ (రైళ్ల జాడను ఎప్పటికప్పుడు తెలిపే రియల్ టైమ్ ట్రైన్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్) విధానంలో పరికరాన్ని ఇంజనులోనే అమర్చి, ఉపగ్రహాల ఆధారంగా పనిచేసే గగన్ వ్యవస్థ సాయంతో స్థానాన్ని, వేగాన్ని 30 సెకన్లకోసారి కంట్రోలుకు పంపుతున్నారు. 21 విద్యుత్ లోకోషెడ్లకు చెందిన 2700 ఇంజన్లకు దీన్ని అమర్చినట్టు రైల్వేశాఖ 2022లోనే ప్రకటించింది.

కంట్రోలుకు అందే ఈ సమాచారం ప్లాట్‌ఫాం మీది మనిషికీ అదే స్పష్టతతో అందాలి. బండి ఏ కిలోమీటరు వద్ద ఉందో, ఆ సమాచారం ఎన్ని నిమిషాల కిందటిదో రెండూ పక్కపక్కనే చూపాలి. నా దృష్టిలో రెండోదే ముఖ్యం, పాత కబురును తాజాదనుకోవడం వల్లనే చిక్కంతా. విడిగా ఇంజను ఉండని మెము బండ్లకూ ఇదే ఏర్పాటు వర్తించాలి. మా లంక గ్రామాల వారు రేవు దాటి, ఆటో ఎక్కి స్టేషను చేరాలి కనుక, బండి కచ్చితంగా ఎక్కడుందో తెలిస్తేనే ఇంటి దగ్గర ఎప్పుడు బయల్దేరాలో తేల్చుకోగలరు.

– ఒక ప్రయాణికుడు, పశ్చిమ గోదావరి జిల్లా