కొత్త నంబరు పక్కన పాత చేను పేరూ ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

భూముల రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఒక్కో కమతానికి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్, అంటే కమతం పటం) నంబరు ఇస్తున్న సంగతి పాఠకులకు తెలిసిందే. హద్దులు కచ్చితంగా తేలడం ఏ రైతుకైనా మేలే గనుక దానిని నేను స్వాగతిస్తున్నాను. అయితే నాలుగు తరాలుగా ఒకే భూమిని నమ్ముకొని బతుకుతున్న కోనసీమ కుటుంబానికి చెందినవాడిగా ఒక విన్నపం చేయదలచాను.

మా ముత్తాతగారు పొలం కొన్న నాటి విక్రయ దస్తావేజు ఇప్పటికీ మా ట్రంకుపెట్టెలో పాత పంచె గుడ్డలో చుట్టి ఉంది. మడతల వెంబడి చిరిగిపోయిన ఆ కాగితంలో చెక్కుబందీ, అంటే పొలం హద్దులు, రాసిన చోట తూర్పున పంట బోదె, దక్షిణాన రావిచెట్టు గట్టు, ఉత్తరాన పుంత అని కనిపిస్తాయి. 1996 నవంబరు తుపానుకు మా కొబ్బరిచెట్లతో పాటు ఆ రావిచెట్టూ కూలిపోయింది. అయినా ఈనాటికీ కూలీలకు పని చెప్పేటప్పుడు మేము 'రావిచెట్టు చేను' అనే అంటాం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరువాతే మా ప్రాంతంలో పల్లపు చేలు సార్వాకూ (ఖరీఫ్ వరి) దాళ్వాకూ (రబీ వరి) నోచుకున్నాయి. 1986 ఆగస్టు వరదనూ, గిట్టుబాటు కాక కోనసీమ రైతులు సార్వా సాగునే మానుకున్న 2011 సంవత్సరాన్నీ మా కుటుంబం ఈ చేలలోనే చూసింది.

తాతగారి కాలంనాటి భాగపంపకాల దస్తావేజులో నలుగురు అన్నదమ్ముల పేర్లు ఉన్నాయి గాని, వారి ఇద్దరు చెల్లెళ్ల పేర్లు లేవు. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు కల్పిస్తూ మన రాష్ట్రం 1986లో చట్టాన్ని సవరించేనాటికి వారిద్దరూ గతించారు. వారిలో చిన్నావిడ భర్త పోయాక పుట్టింటికి చేరి, గట్టు పక్కన మెరకలో కొబ్బరి మొక్కలు నాటి, కుండలతో నీళ్లు మోసి బతికించారట. ఆ ముక్కను మా నాన్నగారి తరం 'చిన్నత్త మెరక' అని పిలిచింది, మేమూ అలాగే పిలుస్తున్నాం. ఆమె ఆ నేల మీద పడిన కష్టానికి ఆ పేరు తప్ప మరే ఆధారమూ లేదు.

1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యాక ఊరి చేల చరిత్రను నోటితో చెప్పగలిగినవారు ఒక్కొక్కరుగా కనుమరుగయ్యారు. ఈ మధ్య పాత దస్తావేజులోని సర్వే నంబరుకూ కొత్త నంబరుకూ పొంతన చూపించమని అడిగితే, ఒక కార్యాలయంలో నన్ను నెలల తరబడి తిప్పారు. చివరికి ఊళ్లో ఒక పెద్దాయన వచ్చి రావిచెట్టు ఉండిన చోటు చూపించాకే లెక్క తేలింది.

కాబట్టి కొత్త పాసుపుస్తకంలోనూ, ఏ భూమిలో ఎవరు ఏ పంట వేశారో రాసే అడంగల్‌లోనూ పాత సర్వే నంబరు, సబ్ డివిజను, ఊరివారు పిలిచే చేను పేరు మూడూ నమోదు చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ప్రతి గ్రామపు పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరునూ (సర్వే నంబర్లవారీ భూముల పట్టిక), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటాలనూ స్కాన్ చేయించి, రైతు అడిగిన వెంటనే గ్రామ సచివాలయంలో చూసుకునే వీలు కల్పించాలి. చేల పేర్లు తెలిసిన పెద్దలు ఇంకా ఊళ్లలో ఉండగానే ఈ పని మొదలుపెట్టాలని ప్రార్థన.

ఇట్లు,
ఒక రైతు, కోనసీమ