జెల్డా కార్ట్రిడ్జ్‌కు పట్టిన చిలుము

రఘూ,

నీ ఫొటోలు చూశాను. నీ పాత నింటెండో జెల్డా ఆట కార్ట్రిడ్జ్ చావలేదు, కంగారు పడకు. బ్యాటరీ పక్కన ఆ పచ్చటి పొడి కనిపించగానే కొంప మునిగిందన్నట్టు, "చిప్పులు ఊడదీసి కొత్త బోర్డుకు ఎక్కించేద్దామా" అని రాశావు. ఆ ఆలోచన కాసేపు పక్కన పెట్టు. నాలుగు ఫొటోలు పంపావు సరే, అసలు సంగతి ఒక్కటీ చెప్పలేదు. కన్సోల్‌లో పెడితే తెర మీద ఏం కనిపిస్తోంది? చిలుము ఎక్కడుందో ఫొటో చెబుతుంది. దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పేది తెర. ఈ రెండూ ఒకేచోట ఉండాలనే నియమం ఏమీ లేదు.

లోపల ఏమేం ఉన్నాయో ముందు చెబుతాను, తర్వాత మాటలు తేలికగా అర్థమవుతాయి. జపాన్‌లో ఈ ఆట 1986లో డిస్కు మీద వచ్చింది. 1987లో అమెరికాకు వచ్చినప్పుడు కార్ట్రిడ్జ్ అయింది, ఆట ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోవడానికి అందులో బ్యాటరీ పెట్టారు. నీ బోర్డు మీద ఆట మొత్తం ఉన్న పెద్ద రోమ్ చిప్పు ఒకటి, బొమ్మలు దింపుకునే రామ్ ఒకటి, సేవ్ దాచుకునే 8 కిలోబైట్ల రామ్ ఇంకొకటి ఉంటాయి. వీటి మధ్య పెత్తనం చేసే ఎంఎంసీ1 చిప్పు, అసలైన కార్ట్రిడ్జ్ అవునో కాదో కన్సోల్‌కు సాక్ష్యం చెప్పే లాకౌట్ చిప్పు కూడా ఉంటాయి. ఇక బ్యాటరీ, దాని చుట్టూ డయోడ్లు, రెసిస్టర్లు. అంతే. నీ ఫోనులో ఉన్నదానితో పోలిస్తే ఇది ఖాళీ మైదానం. అందుకే బాగుచేయడం మనలాంటి వాళ్లకు సాధ్యం.

నువ్వు చేస్తున్న పొరపాటు చిప్పుల మీద అనుమానం పెట్టుకోవడం. ఆ రోమ్‌లో ఉన్నది ఎవరో తర్వాత రాసిన సమాచారం కాదు, చిప్పు తయారయ్యేటప్పుడే దాని నిర్మాణంలో అచ్చయిపోయింది. విద్యుత్ ఆవేశాన్ని దాచుకునే ఈప్రామ్ చిప్పులలాగా కాలం గడిచేకొద్దీ మరచిపోవడం దీనికి లేదు. చెడేది రాగి. నన్నడిగితే ఇలాంటి కార్ట్రిడ్జ్‌లలో ముందు అనుమానించాల్సింది కన్సోల్‌కు తగిలే అంచు దగ్గరి కాంటాక్టులను, ఆ తర్వాత బోర్డు మీద కరెంటు పారే రాగి గీతలను, అన్నిటికంటే చివర చిప్పులను. జనం సరిగ్గా దీనికి తిరగేసి చేస్తారు.

ఇప్పుడు తెర సంగతి. పవర్ లైటు సెకనుకోసారి వెలిగి ఆరుతూ ఉంటే లాకౌట్ చిప్పు మాట కన్సోల్‌కు వినిపించడం లేదన్నమాట. అది కార్ట్రిడ్జ్ తప్పే కానక్కర్లేదు, కన్సోల్‌లోని 72 పిన్నుల కనెక్టర్ వదులైనా అంతే. లైటు నిలకడగా వెలుగుతూ తెర ఒకే రంగులో నిలిచిపోతే ప్రోగ్రాము వైపు ఏదో గీత తెగి ఉండవచ్చు. ఆట నడుస్తూ బొమ్మలు మాత్రం చిందరవందరగా ఉంటే తెగింది బొమ్మల వైపు గీత. ఇందులో నాకు భలే నచ్చే ముచ్చట ఒకటుంది. ఈ కన్సోల్ బొమ్మలన్నీ 8 పిక్సెళ్ల వెడల్పున్న గడులతో పేర్చినవి. గడిలో ఒక్కో వరుస ఒక బైట్, ఆ బైట్‌లోని ఒక్కో బిట్ ఒక్కో నిలువు వరుసలోని పిక్సెల్‌కు సంబంధించింది. కాబట్టి బొమ్మల వైపు డీ0 నుంచి డీ7 దాకా ఉన్న 8 డేటా గీతల్లో ఒకటి తెగితే తెర నిండా ప్రతి 8 పిక్సెళ్లకూ ఒక నిలువు చార పడుతుంది. చార గడికి ఎడమ చివర ఉంటే డీ7, కుడి చివర ఉంటే డీ0. మల్టీమీటరు చేతిలోకి తీసుకోకముందే ఏ గీతను వెతకాలో తెలిసిపోయింది కదా!

నీ ఫొటోల్లో చిలుమంతా బ్యాటరీ మూలలోనే ఉంది కాబట్టి నా ఊహ వేరు. ఆట చక్కగా నడుస్తుంది, సేవ్ మాత్రం నిలవదు. అవునో కాదో నువ్వే చెప్పాలి. ఒకవేళ అదే అయితే నీకు పనే లేదు, బ్యాటరీ నుంచి రామ్‌కు పోయే దారి ఒక్కటే చూసుకుంటే చాలు.

మళ్లీ విప్పే ముందు ఒక మాట. ఆ మరలకు 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్, అంటే వాటికి సరిపోయే స్క్రూడ్రైవర్ మొన, కావాలి. పెన్ను గొట్టాన్ని కాల్చి, మెత్తబడ్డాక మర మీద ఒత్తి బిట్ తయారుచేసే విద్య గురించి నువ్వు ఎక్కడో చదివే ఉంటావు, దాని జోలికి పోకు. విప్పగానే చేయాల్సిన మొదటి పని శుభ్రం చేయడం కాదు, బ్యాటరీ వోల్టేజీ చూడటం. అది 3 వోల్టుల సీఆర్2032. మీటరు 2.5 పైన చూపిస్తే పాత సేవ్ ఇంకా బతికే ఉండవచ్చు. చిన్నప్పుడు మీ అన్నయ్య పేరుతో ఉన్న ఆటను దాచుకోవాలనుంటే, బ్యాటరీని కదిలించకముందే కార్ట్రిడ్జ్ చదివే పరికరం సంపాదించి సేవ్‌ను కంప్యూటర్‌లోకి దింపుకో. ఆ పరికరంలో పెట్టే ముందు అంచు కాంటాక్టులను మాత్రం తుడువు, ఆ తుడుపుకు బ్యాటరీ కదలదు. బ్యాటరీ ఊడిన క్షణాన ఆ రామ్ ఖాళీ అయిపోతుంది, తర్వాత ఎంత ఏడ్చినా రాదు.

ఆ చిలుము ఎలా పట్టిందని అడిగావు. అంచున ఉన్న కాంటాక్టుల్లో అడుగున రాగి, దాని మీద నికెల్, పైన అతి పలుచని బంగారం పూత. బంగారానికి ఏమీ కాదు. కానీ ఆ పూతలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి, పెట్టి తీసే కొద్దీ గీతలు పడి అరుగుతుంది. అక్కడ తడి, ఉప్పు చేరితే కింది లోహం తినేయడం మొదలవుతుంది. పక్కనే బంగారం ఉండటం వల్ల ఆ పని ఇంకా చురుగ్గా సాగుతుంది. ఆట రాకపోతే మనమంతా నోటితో ఉఫ్‌మని ఊదేవాళ్లం కదా, ఆ తడంతా అక్కడికే పోయింది. ఊదవద్దని నింటెండో మొత్తుకుంది కూడా. ఊదితే పనిచేసేదంటావా? తీసి మళ్లీ పెట్టడం వల్ల పనిచేసేది, ఊపిరి మహిమ కాదు.

బ్యాటరీ దగ్గరి చిలుముకు వెనిగర్ పూయమని చాలామంది చెబుతారు. ఆ సలహా పుట్టింది క్షార బ్యాటరీలకు. నియో జియో ఆర్కేడ్ బోర్డుల్లో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. అది కారితే పొటాషియం హైడ్రాక్సైడ్ వస్తుంది. క్షారాన్ని విరవడానికి ఆమ్లం కావాలి, అక్కడ వెనిగర్ సరైన మందు. నీ బిళ్ల బ్యాటరీ లిథియంది, దాని లోపలి ద్రవం వేరే జాతి, విరవడానికి అక్కడ క్షారమే లేదు. పచ్చ పొడి గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని కరిగించడానికి కొద్దిగా వెనిగర్ వాడవచ్చు, కాదనను. కానీ వెంటనే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఆమ్లాన్ని బోర్డు మీద వదిలేస్తే ఒక రోగానికి ఇంకో రోగాన్ని తెచ్చిపెట్టినట్టే.

అంచు కాంటాక్టులకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు చాలు. తడిపి, కాంటాక్టు పొడవునా రుద్దు. మొదటి పుల్ల నల్లగా వస్తుంది, అది మామూలు మురికి. మారుస్తూ పో, బూడిద రంగుకు దిగి, ఆఖరికి తెల్లగా వస్తుంది. మధ్యలో ఏ పుల్లకైనా లేత పచ్చదనం అంటిందంటే ఆ కాంటాక్టు దగ్గర ఆగి భూతద్దంతో చూడు. బంగారం మధ్యలో సూది మొనతో పొడిచినట్టు చిన్న గుంటలు, గుంట అంచున పచ్చ గింజ కనిపిస్తాయి. ఆ ఒక్కచోట తెల్లటి మెత్తని రబ్బరుతో రెండు మూడుసార్లు సుతారంగా రుద్దితే సరిపోతుంది. మొత్తం 72 కాంటాక్టులనూ రబ్బరుతో తళతళలాడించే వాళ్లంటే నాకు ఒళ్లుమంట. మెరుపు కోసం బంగారాన్ని గీకి పారేసి, మిగిలిన నికెల్ మెరుస్తోందని మురిసిపోతారు. ఇత్తడి సామాను తోమే పాలిష్ అంతకన్నా దారుణం, దాని పొడి పిన్నుల మధ్య ఇరుక్కుని ఉండిపోతుంది. ఫైబర్‌గ్లాస్ పెన్ను బోర్డు మధ్యలోని గీతలకైతే ఓకే, అంచుకు వద్దు. ఆ గాజు నూగు వేళ్లలో గుచ్చుకుంటే రెండు రోజులు దురద, తొడుగులు వేసుకో.

ఇక గీతలు. బోర్డు మీది ఆకుపచ్చ పూత కింద గీత నల్లగా కనిపిస్తే అక్కడ రాగి పాడైనట్టు. చిలుము ఆ పూత కింద నుంచే పాకుతుంది, పైకి రంగు నున్నగా ఉన్న తలుపును లోపల చెద తినేసినట్టు. కానీ నల్లబడిన ప్రతి గీతా తెగినట్టు కాదు, అది గుర్తుపెట్టుకో. మీటరును బీప్ మోడ్‌లో (దారి తెగకుండా ఉంటే కూత పెడుతుంది) పెట్టి ఒక కొనను అంచు కాంటాక్టు మీద, రెండో కొనను చిప్పు కాలి మీద ఆనించు. కాలి మీదే ఆనించాలి, దాన్ని బోర్డుకు అతికించిన సోల్డర్ మీద కాదు, ఎందుకంటే సోల్డర్‌కూ కాలికీ మధ్యే అతుకు విడిపోయి ఉండవచ్చు. బీప్ వచ్చిందా, నల్లగా ఉన్నా దాన్ని వదిలెయ్. రాలేదంటే వెనక్కి వెతుక్కుంటూ రా. పై పొర నుంచి కింది పొరకు రాగిని దింపే చిన్న రంధ్రాలుంటాయి కదా, ముందు వాటినే అనుమానించు. రంధ్రం లోపలి గోడకు రాగి పూత పలుచన, చిలుము అక్కడ చేరితే బయటకు మాత్రం గుండ్రటి చుక్క నిక్షేపంలా ఉంటుంది.

తెగిన చోటు దొరికాక, దానికి అటూ ఇటూ ఆరోగ్యంగా ఉన్న రాగి కనిపించేదాకా పూతను బ్లేడు మొనతో గీకు. గులాబీ రంగు రాగి బయటపడితే అది మంచి రాగి. నల్లగానే ఉంటే ఇంకొంచెం ముందుకు జరుగు, నల్లటి రాగికి సోల్డర్ అంటదు, గుండుగా ముద్ద కట్టి దొర్లిపోతుంది. సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ పూసి, 63/37 సీసం సోల్డర్‌తో పలుచగా పూత వెయ్. అది 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పాత బోర్డుకు మరీ ఎక్కువ వేడి పెట్టే పని లేకుండా పోతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను 330 డిగ్రీల దగ్గర ఉంచి, చటుక్కున పెట్టి చటుక్కున తియ్, నానిస్తే గీత బోర్డు మీద నుంచి లేచివస్తుంది. తర్వాత 30 గేజి తీగ ముక్క, అంటే పావు మిల్లీమీటరు మందం, రెండు కొసలకూ అతికించు. పొట్టిగా, బోర్డుకు ఆనించి పరుచు. పైన యూవీ లైటుకు గట్టిపడే సోల్డర్ మాస్క్ (బోర్డు మీది ఆకుపచ్చ పూత లాంటిదే) చుక్క వేస్తే తీగ కదలదు, బయటపడిన రాగికి మళ్లీ గాలి తగలదు. కిటికీ తెరిచి పెట్టుకో, పని అయ్యాక చేతులు కడుక్కో, అది సీసం.

చిప్పు కాలే తుప్పు పట్టి మొదలంటా విరిగిపోతే? అప్పుడు చిప్పు నల్లటి ఒంటిని కొద్దిగా అరగదీసి, లోపల మిగిలిన లోహపు మొనను బయటపెట్టి దానికి తీగ అతికిస్తారు. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని. నీ ఫొటోల్లో కాళ్లన్నీ బాగానే ఉన్నాయి, ఆ భయం వద్దు.

కొత్త బ్యాటరీకి ముందే రేకులు అతికించిన రకం తీసుకో. వట్టి బిళ్ల మీద నేరుగా సోల్డర్ పెట్టకు, వేడికి పేలవచ్చు. బోర్డు మీద ప్లస్ గుర్తు చూసి పెట్టు. బ్యాటరీయే అక్కర్లేని ఎఫ్-రామ్ చిప్పు వేసుకోవచ్చని కూడా అంటారు. వేసుకోవచ్చు, కానీ దాని కోసం బాగున్న రామ్‌ను ఊడదీయాలి. నాకు మనసొప్పదు. ఒక బ్యాటరీ ఎన్నో ఏళ్లు వస్తుంది, ఆ తర్వాతి సంగతి తర్వాత. అన్నట్టు, సేవ్ చేశాక రీసెట్ నొక్కిపట్టి పవర్ ఆపమని ఆ ఆట చెప్పేది గుర్తుందా? చాదస్తం కాదు. కరెంటు పడిపోయేటప్పుడు ప్రాసెసర్ మతిలేని రాతలు రాసి ఆ రామ్‌ను పాడుచేయవచ్చు, రీసెట్ నొక్కి ఉంటే అది కదలకుండా ఉంటుంది. బాగయ్యాక కూడా అలాగే ఆపు.

కొత్త బోర్డు మాట మళ్లీ ఎత్తుతావని తెలుసు, అందుకే చెబుతున్నాను. అన్ని కాళ్ల చిప్పును వేడి చేసి ఊడదీయడం ఆ బోర్డుకూ చిప్పుకూ ఇద్దరికీ ప్రమాదం. ఒక తీగ ముక్కతో పోయేదానికి అంత దూరం వెళ్లడం దేనికి? బోర్డు నిలువునా విరిగితేనో, అంచు కాంటాక్టులు సగం ఊడిపోతేనో అప్పుడు చూద్దాం.

నువ్విప్పుడు చేయాల్సిందల్లా, బోర్డు వెనక వైపు ఫొటో తియ్. లైటు పక్క నుంచి వాలుగా పడాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనబడదు. బ్యాటరీ వోల్టేజీ ఎంతో, తెర మీద ఏం కనిపిస్తుందో రాయి. సన్నతీగ చుట్ట నా దగ్గర బోలెడుంది, పంపిస్తాను, కొనకు. వదినను అడిగానని చెప్పు. ఆవిడ గోళ్ల రంగు ఆరబెట్టుకునే యూవీ దీపం ఉందన్నావు కదా, ఆ మాస్క్‌ను గట్టిపరచడానికి పనికొస్తుందేమో, దాని మీద తరంగదైర్ఘ్యం 395 అనో 405 నానోమీటర్లు అనో రాసి ఉంటే నాకు చెప్పు. అడగకుండా మాత్రం తీసుకోకు.

నీ
శీను