సోమవారం ఒక పాత తువ్వాలు ముక్క పంపండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బడి తెరిచి పది రోజులు దాటింది. పుస్తకాలకు అట్టలు వేయడం, యూనిఫాం కొలతలు, బస్సు రూట్ల గొడవ ఒక కొలిక్కి వచ్చాయి. వేసవి సెలవుల్లో నేను జపాన్ వెళ్లొచ్చానని తెలిసి గేటు దగ్గర చాలామంది అడుగుతున్నారు, "ఏం చూశారు మేడమ్?" అని. నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. పైగా అక్కడ చూసిన ఒక పనిని మన బడిలోనూ మొదలుపెడుతున్నాం, దానికి మీ సాయం కావాలి. అందుకే ఈ నెల ఉత్తరం కాస్త పొడుగు.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటారు. నిషి-కసాయి అనే పేట. మన దేశం వాళ్లు ఎక్కువగా ఉండే చోటు. సాయంత్రం పార్కుకు వెళితే తెలుగు వినిపిస్తుంది. అక్కడ 16 రోజులు ఉన్నాను. క్యోటోలో బంగారు రేకు తాపిన గుడి, నారాలో జింకలు, హిరోషిమాలో శాంతి మ్యూజియం చూశాను. హిరోషిమా గురించి పెద్ద తరగతుల పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడతాను, అది రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు.

వెళ్లిన మూడో రోజునే మెట్రో రైల్లో నా గుడ్డసంచి మర్చిపోయి దిగిపోయాను. అందులో కళ్లజోడు, బీపీ మాత్రలు, కొంచెం డబ్బు ఉన్నాయి. నాకు ఒకటే టెన్షన్. మా అమ్మాయి మాత్రం తొణకలేదు. స్టేషన్లో ఉద్యోగి దగ్గరికి తీసుకెళ్లింది. ఏ పెట్టె, ఏ టైము, సంచి రంగేమిటి, లోపల ఏమున్నాయి అని ఆయన ఓపిగ్గా అడిగి రాసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి తెచ్చుకున్నాం. డబ్బు లెక్క సరిపోయింది. నన్ను కదిలించింది అది కాదు. నా కళ్లజోడుకు డబ్బా లేదు, ఊరికే సంచిలో పడేసుకుంటాను. అద్దాలు గీతలు పడకుండా ఎవరో దాన్ని పల్చటి కాగితంలో చుట్టి, రెండు కొసలూ మడిచి పెట్టారు. అది ఎవరి సంచో ఆ చేసిన మనిషికి తెలియదు. నేనెవరో ఆ మనిషికి ఎప్పటికీ తెలియదు.

జపాన్ వాళ్లు పుట్టుకతోనే అంత మంచివాళ్లని కొందరు అంటారు. నేను నమ్మను. దొరికిన వస్తువు తెచ్చి అప్పగించిన వారికి దాని విలువలో 5 నుంచి 20 శాతం దాకా ఇవ్వాలని అక్కడ చట్టమే ఉంది. వీధుల్లో కోబాన్ అని చిన్న చిన్న పోలీసు గదులు ఉంటాయి, దొరికింది పట్టుకెళ్లి ఇవ్వడానికి ఎక్కువ దూరం నడవక్కర్లేదు. మంచితనానికి ఒక ఏర్పాటు ఉంది, దాని వెనక నేర్పు ఉంది.

ఇంకొకటి. నేను శాకాహారిని. అక్కడ చూడటానికి కూరగాయల పులుసులా కనిపించేది కూడా చాలావరకు చేపతో కాచిన నీళ్లతో చేస్తారు. క్యోటోలో ఒక చిన్న హోటల్లో, ఆరేడుగురు పట్టే చోటు, మా అమ్మాయి పక్కన లేదు, నాకు వాళ్ల భాష రాదు. చేతులు అడ్డంగా ఊపాను. వంట చేసే పెద్దాయన పొయ్యి మంట తగ్గించి, బిల్లు కాగితం వెనక చేప బొమ్మ గీసి నా వైపు చూశాడు. వద్దన్నాను. కోడి గీశాడు. వద్దన్నాను. గుడ్డు గీశాడు. దానికీ వద్దన్నాను. ఆయన తల ఊపి, లోపలికి వెళ్లి పది నిమిషాల్లో వేడి అన్నం, టోఫు అనే సోయా పనీరు, ఊరగాయ ముక్కలు, నువ్వులు చల్లిన వంకాయ తెచ్చి పెట్టాడు. సోయా సాస్ సీసా చూపించి, చేప బొమ్మ మీద అడ్డగీత కొట్టాడు, అందులో చేప లేదని. తిని లేచాక బిల్లు మీద కొంచెం చిల్లర ఎక్కువ పెట్టబోయాను. వద్దని రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటు లేదు.

అడగకముందే ఎదుటి మనిషికి ఏం కావాలో ఆలోచించి పెట్టడాన్ని వాళ్లు ఒమొతెనాషి అంటారు. వాన పడుతుంటే దుకాణంలో కాగితపు సంచి మీద ఒక ప్లాస్టిక్ తొడుగు వేసి ఇస్తారు. మనం అడగం, అసలు మనకు తోచదు. 1964లో మొదలైన షింకన్‌సెన్ అనే బులెట్ రైలు గురించి అందరూ వేగమే చెబుతారు. నాకు మాత్రం టోక్యో స్టేషన్లో ఏడే నిమిషాల్లో పెట్టెలన్నీ తుడిచి, సీట్లు రైలు వెళ్లే దిక్కుకు తిప్పి, దిగి వరసగా నిలబడి ప్రయాణికులకు వంగి నమస్కరించిన ఆడవాళ్లు గుర్తున్నారు.

మన గోదావరి వాళ్లకు మర్యాదల గురించి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లిచ్చి, చాలు చాలంటున్నా ఇంకో గరిటె వడ్డించి, వెళ్లేటప్పుడు సంచిలో పూతరేకులు పెట్టి పంపుతాం. దాన్ని నేను ఎంతమాత్రం తక్కువ చేయను. కానీ ఆ మర్యాద మన గడప లోపలిది. గడప దాటి బస్టాండుకో ఆసుపత్రికో వెళ్లామంటే, మన తర్వాత ఆ కుర్చీలో కూర్చునే మనిషి మనకు ఎవరూ కాదు. అక్కడ ఆ తర్వాతి మనిషే అతిథి. ఇది వాళ్లకు ఎక్కడ పట్టుబడిందా అనుకున్నాను. మా మనవరాలి బడికి వెళ్లాక తెలిసింది.

అది అక్కడి మామూలు ప్రాథమిక పాఠశాల. పాప రెండో తరగతి. తల్లిదండ్రులు వచ్చి తరగతులు చూసే రోజున నన్నూ తీసుకెళ్లారు. ఎవరి చెప్పులు వాళ్లే తెచ్చుకోవాలని ముందే చీటీ పంపారు, బయట తిరిగిన జోళ్లతో లోపలికి రాకూడదు. మధ్యాహ్నం భోజనం బడిదే, 1954 నుంచి దానికి ప్రత్యేకంగా చట్టం ఉంది. తెల్ల గౌను, టోపీ, మాస్కు వేసుకున్న పిల్లలే గిన్నెలు మోసుకొచ్చి తోటి పిల్లలకు వడ్డించారు. అందరికీ వచ్చేదాకా ఎవరూ ముట్టుకోలేదు. టీచరు కూడా అదే తిండి, అక్కడే తిన్నారు.

తర్వాత మైకులో ఒక పాట మొదలైంది. బల్లలన్నీ గది వెనక్కి జరిపారు. పిల్లలు తడిపి పిండిన గుడ్డను నేల మీద పరిచి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, వెన్ను పైకెత్తి, గోడ నుంచి గోడ దాకా తోసుకుంటూ పరుగెత్తారు. మా పాప వెనక్కి తిరిగి చూసుకుని, ఒక చోట మరక మిగిలిందని మళ్లీ వెళ్లి రుద్దింది. పక్క గదిలో ఒకటో తరగతి బుడతడికి ఆరో తరగతి అబ్బాయి గుడ్డ పిండటం నేర్పుతున్నాడు. టీచరు చేతిలోనూ చీపురు ఉంది. ముప్పై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్న మనిషిని. గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

అక్కడి బడుల్లో అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. తోటివాళ్ల ఏడిపింపులు అక్కడ పెద్ద సమస్య. బడికి దూరమైన పిల్లల సంఖ్య 2023 విద్యా సంవత్సరంలో 3 లక్షలు దాటింది. అందరిలా ఉండాలన్న ఒత్తిడి కొందరు పిల్లలను నలిపేస్తుంది. అది మనకొద్దు. ఈ తుడుపుగుడ్డ మాత్రం కావాలి.

జులై మొదటి సోమవారం నుంచి రోజూ చివరి పీరియడ్ తర్వాత పది నిమిషాలు మన పిల్లలు తమ తరగతి గదిని తామే శుభ్రం చేసుకుంటారు. "చీపుర్లు పట్టించడానికా ఫీజులు కడుతున్నాం?" అని కొందరికి అనిపిస్తుంది. ఆ మాట నాతో నేరుగా అనండి, నేనేమీ నొచ్చుకోను. కానీ నా సంగతి కూడా వినండి. నా చిన్నప్పుడు మా బడిలో ఊడవాల్సి వచ్చినప్పుడల్లా ఒకే పేట పిల్లల్ని పిలిచేవారు. నేను ముందు బెంచీలో కూర్చుని పుస్తకం చదువుకునేదాన్ని. నా ఈడు అమ్మాయి ఒకతె నా కాళ్ల దగ్గర ఊడుస్తూ "కాళ్లు పైకి పెట్టుకో" అనేది. పెట్టుకునేదాన్ని. అంతే, ఇంకేమీ అనిపించేది కాదు. నాకు అప్పుడేమీ అనిపించకపోవడమే ఇప్పుడు బాధ.

అందుకని మన బడిలో ఈ పని రోల్ నంబర్ల వరసలో జరుగుతుంది. ఆడపిల్లలూ మగపిల్లలూ సమానంగా. మినహాయింపు ఎవరికీ లేదు, టీచర్ల పిల్లలకు అసలే లేదు. ఏ తప్పుకూ దీన్ని శిక్షగా వేయం, ఎవరైనా వేస్తే నాకు చెప్పండి. టీచర్లూ చేస్తారు. సోమవారాలు ఐదో తరగతి బి సెక్షన్లో నా వంతు. మరుగుదొడ్లు, ఎత్తు కిటికీలు, ఫినాయిల్, యాసిడ్ జోలికి పిల్లలు వెళ్లరు. దుమ్ము పడని పిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు ఉంటే క్లాస్ టీచరుకు చీటీ రాయండి, వాళ్లకు మొక్కలకు నీళ్లు పోసే పని ఇస్తాం. మన ఆయమ్మలు ముగ్గురి ఉద్యోగాలూ జీతాలూ ఎప్పటిలాగే ఉంటాయి. గుడ్డ ఎలా పిండాలో మొదటి వారం పిల్లలకు నేర్పేది వాళ్లే.

మీరు చేయాల్సింది ఒకటే. ఆ సోమవారం ఇంట్లో ఉన్న పాత తువ్వాలు ముక్క ఒకటి పంపండి. మడిచాక, రెండు అరచేతులు పక్కపక్కన పెడితే ఎంత వస్తుందో అంత ఉండాలి. నాలుగు మడతలు వేసి, అంచులు కుట్టి, ఒక మూల పేరు రాస్తే చాలు. కొత్తది కొనకండి, పాతదైతేనే నీళ్లు బాగా పీలుస్తుంది. నాలుగో తరగతి దాటిన పిల్లలైతే ఆ కుట్టు వాళ్లనే వేయనివ్వండి. వంకరగా వచ్చినా విప్పి సరిచేయకుండా అలాగే పంపండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు