టస్కనీ పల్లెలో బస అని చెప్పి హైవే పక్కన దింపారు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

మేనేజర్ గారికి,
విశాఖపట్నం శాఖ.

అయ్యా,

మే నెలలో మీ సంస్థ ద్వారా నేను, నా భార్య, మా అక్క ఇటలీ వెళ్లివచ్చాం. 'టస్కనీలోని వాల్ డోర్చా లోయలో పొలాల మధ్య ఫామ్‌హౌస్‌లో బస, రోజుకొక కొండ ఊరు, తీరిగ్గా' అని మీ బ్రోషర్‌లో ఉంది. అది చూసే మామూలు యూరప్ టూర్ కంటే ఎక్కువ డబ్బు కట్టాం.

మమ్మల్ని దింపింది ఫ్లోరెన్స్ శివార్లలో, హైవే పక్క హోటల్లో. రాత్రంతా లారీల మోత. అడిగితే మీ టూర్ మేనేజర్ "గ్రూపు పెద్దదైంది సార్, అడ్జస్ట్ అవ్వండి" అన్నారు. అక్కడి నుంచి వాల్ డోర్చాలోని పియెంజా ఊరికి బస్సులో దాదాపు రెండు గంటలు.

హోటల్ సంగతి ఎలా ఉన్నా, ఊళ్లు చూపించిన తీరు ఇంకా బాధ కలిగించింది. శాన్ జిమిన్యానోలో పెద్దింటివాళ్లు పోటీపడి కట్టిన బురుజులు ఒకప్పుడు 72 ఉండేవి, ఇప్పుడు 14 దాకా మిగిలాయి. 1990 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఊరది. బస్సులు కోట గోడ బయటే ఆగుతాయి, అక్కడి నుంచి ఎక్కుడు దారి. ఇది మీకు తెలియనిది కాదు. అయినా నడకతో కలిపి ముప్పావుగంట ఇచ్చారు, అదీ ఫ్లోరెన్స్ నుంచి టూరిస్టు బస్సులన్నీ వచ్చిపడే మిట్టమధ్యాహ్నం. మోకాళ్ల నొప్పులున్న మా అక్క కోట గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. సాయంత్రమైతే ఆ జనమంతా వెళ్లిపోతారు. దగ్గర పల్లెలో బస కోరుకునేది అందుకే కదా!

రెండో పయస్ పోప్ తాను పుట్టిన పల్లెను 1459 నుంచి రోసెల్లీనో అనే శిల్పి చేత తిరిగి కట్టించిన ఊరు పియెంజా. చర్చి వెనక గోడ దగ్గర నిలబడితే లోయ మొత్తం కనిపిస్తుంది. మేం చౌరస్తా దాటకముందే విజిల్ వేసి పిలిచేశారు.

వోల్తెర్రాకు అసలు తీసుకెళ్లనే లేదు. రోమన్ల కంటే ముందే ఆ ప్రాంతంలో ఉన్న ఎట్రుస్కన్లు అనే ప్రాచీన జాతివాళ్లు కట్టుకున్న ఊరది. వాళ్ల నాటి కోట ద్వారం ఇప్పటికీ ఉంది. ఏళ్ల తరబడి పిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పిన నేను ఈ ప్యాకేజీ తీసుకున్నదే ఆ ద్వారం కోసం. దాని బదులు బ్రాండెడ్ బట్టల షాపింగ్ సెంటర్‌లో సగం పూట కూర్చోబెట్టారు. మాలో ఎవరినైనా అడిగారా?

తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాల పక్కనే ఉన్న ఊరివాళ్లం మేము. ఎండ తగ్గాక అక్కడ కాసేపు కూర్చుంటేనే, ఆ భిక్షువులు సముద్రం కనిపించే కొండను ఎందుకు ఎంచుకున్నారో తెలుస్తుంది. కొండ మీది పాత ఊరికి కావలసింది సమయం. మీరు మాకు అమ్మిందీ, ఇవ్వనిదీ అదే.

ఫామ్‌హౌస్‌కూ ఆ హోటల్‌కూ ఉన్న తేడా, వోల్తెర్రా రోజుకు అయిన ఖర్చు మాకు వాపసు చేయాలి. షాపింగ్ ఎవరి నిర్ణయమో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ బ్రోషర్ ఇంకా మీ కౌంటర్‌లో పంచుతున్నారు, ముందు దాన్ని ఆపండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మీ హెడ్డాఫీసు ఎక్కడున్నా నేను ఉండే విశాఖలోనే కేసు వేయవచ్చు. రసీదు, బ్రోషర్, హోటల్ ఫొటోలు జతచేస్తున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ చరిత్ర ఉపాధ్యాయుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.