41వ బ్యాచ్ డార్క్ ఎల్లో సంగతి

అందరికీ నమస్కారం.

చిన్న ట్యాంకు మోడళ్ళకి వేసే జర్మన్ డార్క్ ఎల్లో రంగు నా దగ్గర కొన్నవాళ్ళు ముందు ఒక పని చేయండి. సీసా తిరగేసి అడుగున మార్కర్‌తో రాసిన నంబరు చూడండి. 41 అని ఉంటే ఆ రంగు తప్పు. కలిపింది నేను, పంపింది నేను, తప్పు కూడా నాదే. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు, ఆ సీసా మాత్రం పక్కన పెట్టేయండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ట్యాంకులు మొదట్లో ముదురు బూడిద రంగులో ఉండేవి. 1943 ఫిబ్రవరి 18 నాటి ఉత్తర్వుతో అది మారింది. అప్పటి నుంచి ఫ్యాక్టరీలోనే ముదురు పసుపు వేసి పంపేవాళ్ళు. వాళ్ళ భాషలో డుంకెల్‌గెల్బ్, రాల్ అనే జర్మన్ రంగుల జాబితాలో నంబరు 7028. పాంథర్, టైగర్ ట్యాంకుల మోడళ్ళు కట్టేవాళ్ళకి ఈ సీసా లేకుండా పని జరగదు. నా అమ్మకాల్లో దీని తర్వాతే ఏదైనా.

పోయిన నెల రాజమండ్రి నుంచి మాస్టారు ఫోన్ చేశారు. రిటైరయ్యాక ట్యాంకులు కట్టడం మొదలుపెట్టిన మనిషి, నా మొదటి బ్యాచ్ నుంచీ కొంటున్నారు. 1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ దగ్గర పాంథర్లు మొదటిసారి యుద్ధంలోకి దిగాయి కదా, ఆ పాంథర్‌నే 1/35లో, అంటే అసలుదానిలో 35వ వంతు సైజులో, చేస్తున్నారు. హల్‌కి, అంటే ట్యాంకు కింది బాడీకి, 40వ బ్యాచ్ వేశారు. అది అయిపోతే పైన ఫిరంగితో తిరిగే టరెట్‌కి 41 వేశారు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చూసుకుని తృప్తిగా పడుకున్నారట. పొద్దున్నే కాఫీ గ్లాసుతో పాటు ట్యాంకునీ వరండాలోకి తెచ్చుకుంటే టరెట్ ఒక రంగు, హల్ ఒక రంగు.

"బాబూ, టరెట్ కాస్త పచ్చగా కనిపిస్తోంది, నా కళ్ళకేమైనా అయిందంటావా?" అన్నారు.

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. "మీకు శుక్లాల ఆపరేషన్ అయి మూడు నెలలేగా మాస్టారూ, కొన్నాళ్ళు రంగులు తేడాగానే కనిపిస్తాయండి" అన్నాను. ఆయన సరేనన్నారు. పైగా థాంక్స్ చెప్పి పెట్టేశారు.

తర్వాత రెండు రోజులకి హైదరాబాద్ నుంచి ఒకాయన మెసేజ్ పెట్టారు. ఆయనా పచ్చ అనే అన్నారు. పచ్చ అంటే మనకు పసుపూ అదే, ఆకుపచ్చా అదే. ఆ వారం ఎవరు ఆ మాట అన్నా నాకు నచ్చిన అర్థమే తీసుకున్నాను. "డార్క్ ఎల్లో పచ్చగా లేకపోతే ఎలా ఉంటుందండీ" అని జవాబు కూడా ఇచ్చాను. దానికి ఆయన "పచ్చకామెర్లు మాకా, మీకా?" అని ఒక్క లైను రాసి ఊరుకున్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాబా ఎక్కాను. ఒక పక్క మా ఆవిడ వడియాలు పెట్టి ఉంది. ఇంకో పక్క పిట్టగోడ మీద ఐస్‌క్రీం చెంచాలు వరుసగా పేర్చాను. 38, 39, 40, 41 బ్యాచ్‌లు చెంచాకొకటి, పక్కన నేను సరిచూసుకునే నమూనా చిప్పు, అంటే రంగు వేసిన చిన్న ముక్క. వడియాలు తిప్పడానికి వచ్చిన మా ఆవిడ ఒక్కసారి చూసి, "ఏవండీ, మూడు ముద్దపప్పు, ఒకటి గోంగూర పప్పు" అంది. ఆమెకు పాంథర్ తెలియదు, 7028 తెలియదు. చూసింది ఎండలో, అంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. నేను విజయవాడ ఆటోనగర్‌లో 19 ఏళ్ళు కార్లకు, లారీలకు షేడ్ కలిపినవాణ్ణి. డెంటింగ్ చేసిన డోరుకీ పక్క డోరుకీ తేడా తెలియకుండా చేయడమే నా బతుకు. బండిని షెడ్డు బయటికి తోయించి ఎండలో నాలుగు పక్కలా చూడనిదే ఓనరు చేతికి తాళం ఇచ్చేవాణ్ణి కాదు. 41 కలిపిన వారం నాలుగు రోజులు ముసురు పట్టింది. ఆర్డర్లు ఉన్నాయి, కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. ట్యూబ్‌లైట్ కింద చిప్పు పక్కన పెట్టి చూశాను, అచ్చుగుద్దినట్టు కలిసింది. సీసాల్లో నింపేశాను.

ట్యూబ్‌లైట్ కింద కలిసి ఎండలో విడిపోయే ఈ జబ్బుకి రంగుల వాళ్ళు మెటామెరిజం అని పేరు పెట్టారు. మ్యాచింగ్ సెంటర్లో ఆడవాళ్ళు బ్లౌజ్ పీసునూ చీర కొంగునూ పట్టుకుని వీధిలోకి వచ్చి ఎందుకు చూస్తారు? ఇందుకే. రెండు రంగులు వేర్వేరు సరుకుతో తయారైతే ఒక వెలుతురులో కవలల్లా ఉంటాయి, ఇంకో వెలుతురులో ఎవరి దారి వాళ్ళదే. అంటే నా సీసాలో సరుకు మారింది. నేను మార్చలేదు.

డార్క్ ఎల్లోలో నేను వాడేది ఎల్లో ఆక్సైడ్ పేస్ట్. ఒక రకంగా అది ఇనుప తుప్పు. తుప్పు కాబట్టే ఎండకి చెక్కుచెదరదు, ఏళ్ళ తరబడి షోకేస్‌లో అలాగే ఉంటుంది. 11 ఏళ్ళుగా ఒకే డీలర్ దగ్గర తెప్పిస్తున్నాను. కరోనా రోజుల్లో నాకే గల్లాపెట్టె ఖాళీగా ఉన్నా అతనికి అడ్వాన్సు ఆపలేదు. ఈసారి వచ్చిన డబ్బా మీద అదే లేబుల్, అదే పేరు. అడుగున చిన్న అక్షరాల్లో కోడ్ మాత్రం వేరే. అది నేను చదవలేదు. లోపల ఉన్నది నిమ్మపసుపు వైపుండే ఆర్గానిక్ ఎల్లో అనే వేరే రసాయన రంగు కలిపిన పేస్ట్. పసుపులో నలుపు పడితే ఆకుపచ్చ వైపు జారుతుందని ఏ పెయింటర్‌ని అడిగినా చెబుతాడు. నిమ్మపసుపైతే ఇంకా జారుతుంది. నా ఫార్ములాలో చుక్క నలుపు ఉంది. గోంగూర అక్కణ్ణుంచి వచ్చింది.

ఫోన్ చేస్తే అతను ఒప్పుకున్నాడు. పాత రకం స్టాకు లేక ఇది పంపాడట. "చెప్పొచ్చు కదా" అంటే, "ఎల్లో ఎల్లోనే కదన్నా" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "అయినా బొమ్మ ట్యాంకులకు ఇంత రాద్ధాంతమా, 20 మిల్లీ సీసాలో ఎవడు కనిపెడతాడు?" అన్నాడు. ఎవరు కనిపెట్టారో చెప్పాను. ఆపరేషన్ అయిన కళ్ళతో ఒక మాస్టారు కనిపెట్టారని చెప్పాను. అతను నవ్వాడు. లారీ బాడీకి తప్పు పేస్ట్ పంపితే వాళ్ళొచ్చి కొట్టు ముందు కూర్చుంటారని అతనికి తెలుసు. మనం కూర్చోమని కూడా తెలుసు. డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు, నేను వద్దన్నాను. అది తెలివితక్కువ పనేనని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది. ఆ 11 ఏళ్ళ ఖాతా మూసేశాను. ఆ మాట గుర్తొస్తే రాస్తుంటే కూడా చెయ్యి బిగుసుకుంటోంది, ఇక చాలు.

ఫోన్ పెట్టేముందు ఒక ఉపాయం కూడా చెప్పాడు: సీసాకి రెండు చుక్కలు రెడ్ ఆక్సైడ్ వేస్తే పచ్చ విరిగిపోతుందట. నిజమే, వేసి చూశాను, ఎండలో కూడా చిప్పుకి దగ్గరగా వచ్చింది. కానీ ఆ ఆర్గానిక్ ఎల్లో ఎండకి వెలుస్తుంది, రెడ్ ఆక్సైడ్ వెలవదు. కిటికీ పక్కన షోకేస్ ఉన్నవాళ్ళ టైగర్ కొన్నేళ్ళకు ఇటుక రంగుకు తిరుగుతుంది. అప్పుడు మీరు నన్ను తిట్టుకోరు, "పాతబడింది" అనుకుంటారు. అలా అనుకుంటారని తెలిసే చేయలేకపోయాను.

ఇక నేను రెండు రాత్రులు కొట్టుమిట్టాడిన సంగతికి వస్తాను. తప్పించుకోవడానికి చక్కటి దారి ఒకటి ఉంది. డార్క్ ఎల్లో అసలు ఏ షేడ్ అన్నది ట్యాంకులు కట్టేవాళ్ళ మధ్య ఎన్నటికీ తెగని తగాదా. మొదట్లో దానికి నంబరు కూడా లేదు, "నమూనా ప్రకారం" అని రాసేవాళ్ళు. రంగు పేస్ట్ రూపంలో దళాలకు వెళ్ళేది. దొరికితే పెట్రోలు, లేకపోతే నీళ్ళు పోసి సైనికులే పలచన చేసుకునేవాళ్ళు. ఒకడు చిక్కగా, ఒకడు పలచగా. పైగా ఇప్పటి రాల్ కార్డులో 7028 లేనే లేదు, ఎప్పుడో తీసేశారు. పాత రికార్డులను బట్టి మళ్ళీ తయారుచేసిన చిప్పు ఒకటి జర్మనీ నుంచి తెప్పించుకుని, దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నాను. కాబట్టి "ఇది కూడా ఒక డార్క్ ఎల్లోనే" అంటే కాదని రుజువు చేయడం ఎవరి తరమూ కాదు. ఒక కస్టమరు ప్రేమగా అదే సలహా ఇచ్చారు: "లేబుల్ మార్చి, యుద్ధం చివరి రోజుల షేడ్ అని అమ్మేయండి సార్, ఎగబడి కొంటారు."

దాచడం ఎందుకు, లేబుళ్ళు ప్రింట్ తీశాను. 24 లేబుళ్ళ షీటు ఒకటి. కత్తిరించడానికి కూర్చున్నాను కూడా.

అప్పుడు బ్రిటిష్ ట్యాంకుల మీద ఆకాశనీలం గుర్తొచ్చింది. 1940, 41లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ ట్యాంకులకు కాంటర్ స్కీమ్ అని మూడు రంగుల పట్టీలు వేసేవాళ్ళు. అందులో ఒకదాని పేరు సిల్వర్ గ్రే. చూడ్డానికి అది లేత బూడిద కలిసిన ఆకుపచ్చ. మ్యూజియంలో ఉన్న ఒక మటిల్డా ట్యాంకుకి మళ్ళీ రంగు వేసినప్పుడు ఆ పట్టీకి నీలం వేశారు. ఇంకేముంది, మ్యూజియం వాళ్ళే వేశారు కదా అని ప్రపంచమంతా మోడల్స్ మీద నీలం పట్టీలు. దశాబ్దాలు పట్టింది దాన్ని వదిలించడానికి, ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. నాది మ్యూజియం కాదు, చిన్న గది. కానీ నా సీసా చూసి "7028 అంటే ఇదన్నమాట" అనుకునే కుర్రాళ్ళు కొందరున్నారు. షీటు చించేశాను. పెట్రోలు పోసి కలిపిన సైనికుడి పేరు చెప్పుకుని నా ముసురు రోజు పనిని అమ్ముకోలేను.

41లో మొత్తం 240 సీసాలు నింపాను, 131 బయటికి వెళ్ళాయి. మిగిలిన 109 ఇసుకలో పోసి గడ్డ కట్టించాను, ఒక్కటి మాత్రం బల్ల మీద ఉంచుకున్నాను.

మీ సీసా వెనక్కి పంపక్కర్లేదు. అడుగున నంబరు కనిపించేలా ఫోటో తీసి వాట్సాప్ చేయండి, 42వ బ్యాచ్ సీసా నా ఖర్చుతో వస్తుంది. డబ్బే కావాలంటే ఫోన్‌పే చేస్తాను, కారణం అడగను. ఇప్పటికే వేసేసినవాళ్ళు రంగు గీకొద్దు. 42ని బాగా పలచన చేసి ఎయిర్ బ్రష్‌తో రెండు పలచటి కోటింగ్‌లు కొడితే చాలు, కింద ఉన్నది నీడలా పనికొస్తుంది. పని ఆపలేనివాళ్ళు టమియా కంపెనీ డార్క్ ఎల్లో, ఎక్స్‌ఎఫ్-60, కొనుక్కోండి, నేనేమీ అనుకోను. దాన్ని నా సీసాలో మాత్రం కలపకండి. దాని ద్రావకం వేరు, పాలు విరిగినట్టు విరుగుతుంది. జర్మన్ ఆఫ్రికా దళాల రంగు రాల్ 8000లో కూడా ఇదే పసుపు పడుతుంది, ఆ కొత్త డబ్బాతో నేనింకా కలపలేదు కాబట్టి మీ దగ్గరున్నవి మంచివే. 7021 బూడిదకి, 8017 ఎర్ర గోధుమకి ఈ గొడవతో సంబంధం లేదు.

42వ బ్యాచ్‌కి తెచ్చిన పేస్ట్ ఖరీదు ఎక్కువ. సీసా 140 నుంచి 160 అవుతుంది. ఇది కూడా ముఖం మీదే చెబుతున్నాను.

లేబుల్ మీద "నూటికి నూరు శాతం అసలు రంగు" అని ఉండేది, అది తీసేశాను. ఇకపై "7028 నమూనాతో పగటి వెలుతురులో సరిచూసినది" అని, కింద తేదీ ఉంటుంది. ముసురు పడితే సరుకు ఆగుతుంది, ఫోన్లు చేసి తొందరపెట్టకండి. చిన్న మోడల్ మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, కాస్త లేతగా కలిపి ఇవ్వమని అడిగేవాళ్ళకి పాత జవాబే. 1/35 ట్యాంకుని 30 సెంటీమీటర్ల నుంచి చూడడం అంటే అసలు ట్యాంకుని పదిన్నర మీటర్ల నుంచి చూడడమే. ఎంత తెలుపు కలపాలో మీ షోకేస్‌ని బట్టి మీరే చూసుకోవాలి, నేను చిప్పు షేడే ఇస్తాను. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ-2 సారథ్ యుద్ధ వాహనానికి మన ఆర్మీ గ్రీన్ అడుగుతున్నవాళ్ళకీ అంతే, ఫోన్‌లో ఫోటో చూసి రంగు కలపను.

మాస్టారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. శుక్లాల మాట ఎత్తబోతే ఎత్తనివ్వలేదు. "అక్కడి వర్క్‌షాపుల్లో దెబ్బతిన్న ట్యాంకు టరెట్ ఊడదీసి ఇంకోదానికి బిగించేవాళ్ళు బాబూ, నాది అలాంటి పాంథర్ అనుకుంటాను, నాకు కొత్త సీసా అక్కర్లేదు" అన్నారు. నేను వినలేదు, 42వి రెండు పంపాను. సోమవారం చేరాయి. నిన్న మళ్ళీ ఫోన్ చేసి అడిగితే ఇంకా మూత తీయలేదన్నారు.